ఉద్దానం ఊరకుక్కల కిడ్నీ పరీక్షలు: నమూనాల మీద సలహా కావాలి

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మనుషులకు వస్తున్న, కారణం తేలని కిడ్నీ జబ్బు అవే బోరు నీళ్లు తాగే కుక్కల్లోనూ ఉందా అన్నది నా పీహెచ్‌డీ అంశం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో నమూనాలు తీసి గరివిడి వైపు ల్యాబుకు చేర్చాలి.

సీరం క్రియాటినిన్ (కండ నుంచి రక్తంలోకి వచ్చే, కిడ్నీలు వడగట్టే వ్యర్థం) ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు. కిడ్నీ పని మూడొంతులు పోయాక గానీ అది పెరగదు, బక్కచిక్కిన కుక్కల్లో కండ లేక ఇంకా తక్కువ చూపిస్తుంది. అందుకే ఎస్‌డీఎంఏ (కిడ్నీ దెబ్బను ఇంకా ముందే చూపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, రిఫ్రాక్టోమీటరుతో మూత్రం చిక్కదనం కలిపి చూడాలని ఆలోచన.

అసలు చిక్కు ఎర్లీకియాతో. పిడుదుల వల్ల వచ్చే ఈ జబ్బులోనూ మూత్రంలో ప్రొటీన్ పోతుంది. లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కూడా కిడ్నీనే పట్టుకుంటుంది. నిష్పత్తి 0.5 దాటితే తప్పు నీటిదా, పిడుదులదా? పీసీఆర్‌లో (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) ఈ జబ్బులకు పాజిటివ్ వచ్చిన కుక్కల్ని తీసేస్తే మిగిలేవి కొన్నే. వాటిని ఉంచి, విశ్లేషణలో ఒక కారకంగా సర్దుబాటు చేస్తే థీసిస్ పరీక్షకులు ఒప్పుకుంటారా?

రెండోది, రక్తం గడ్డకట్టడానికి 30 నిమిషాలు ఆగి, 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పాలి. సీరం విడదీయకుండా ఐసు మీద తెస్తే దారి కుదుపులకు కణాలు పగిలి ఫలితం పాడవుతుంది. పల్లెల్లో బ్యాటరీ సెంట్రిఫ్యూజ్ వాడినవారుంటే ఏది నిలకడగా తిరిగిందో చెప్పండి.

పోలిక ఊళ్లకు బొబ్బిలి వైపు కంటే ఉద్దానంలాగే తీరం, కొబ్బరి తోటలు ఉన్న భోగాపురం, పూసపాటిరేగ మేలనిపిస్తోంది. అక్కడి బోరు నీటి పరీక్షలు చేసినవారు దయచేసి స్పందించండి.