ఊగింది వెన్నెలా, డోలలా?

పాతపాటల పిచ్చి: నిన్నటి నుంచీ ‘మల్లీశ్వరి’ సినిమాలో భానుమతి గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. ‘మనసున మల్లెల మాలలూగెనే, కన్నుల వెన్నెల డోలలూగెనే’. మాలలు ఊగడం సరే. రెండో పాదంలో ఊగేది డోలలా (ఉయ్యాలలా), డోలల్లో వెన్నెలా?

వ్యాకరణప్రియ: డోలలే. మల్లెల మాలలు, వెన్నెల డోలలు, తూకం సరిపోయింది. ‘ఊగెను’ చూసి ఏకవచనం అనుకోకండి. గ్రాంథికంలో ‘అవి ఊగెను’ అన్నా తప్పు లేదు.

గ్రామఫోను: ఆ తూకం చెవికేనండీ. ‘మల్లెల’లో చివరి ‘ల’ బహువచనం, ‘వెన్నెల’లో ‘ల’ ఆ మాటలోదే. పాట రాసిన కృష్ణశాస్త్రి గడుసుతనమంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. మల్లెల దగ్గర మనల్ని మభ్యపెట్టి, వెన్నెలని కర్తగా కూర్చోబెట్టేశాడు. త్యాగయ్య నీలాంబరిలో ‘ఉయ్యాలలూగవయ్య’ అంటే ఊగేది రాముడా, ఉయ్యాలలా?

వ్యాకరణప్రియ: అక్కడ రాముణ్ణి పిలిచి మరీ అడుగుతున్నాడు. ఇక్కడ వెన్నెలని పిలిచిందెవరు? పైగా ‘మనసున’కి జోడీ ‘కన్నుల’, అంటే కళ్ళలో. ‘కన్నుల వెన్నెల’ అని అతికించేస్తే రెండు పాదాలకీ పొత్తు కుదరదు.

రేడియో రోజులు: ఇద్దరూ పాటని కాగితం మీద వింటున్నారు! రాజేశ్వరరావు గారి బాణీ ఊసే లేదు. ఆయనే 1955లో మిస్సమ్మకి ‘రావోయి చందమామ’ కట్టారు. ఏ.ఎం. రాజా, లీల. ఎన్టీఆర్‌కి రాజా గొంతు నప్పలేదనేవాళ్ళు అది మళ్ళీ వినాలి. ఘంటసాల పాడితే ఆ మెత్తదనం వచ్చేదా?

ఘంటసాల భక్తుడు: ఎందుకు రాదు? మల్లీశ్వరిలోనే ‘ఆకాశవీధిలో’ వినలేదా? మేఘాన్ని బతిమాలే ఆ గొంతులో మెత్తదనం లేదంటే నేనొప్పుకోను.

గ్రామఫోను: మేఘం అంటే గుర్తొచ్చింది. 1951లో మల్లీశ్వరితోనే కృష్ణశాస్త్రి సినిమాల్లోకి వచ్చారు. కానీ ఆయన పూర్తిగా దొరికేది నాకు ‘ఆకులో ఆకునై’లోనే. కవి 1980లో పోయారు, 1982లో మేఘసందేశంలో సుశీల పాడారు. ఆకులో ఆకై, కొమ్మలో కొమ్మై కలిసిపోదామనుకునే మనిషిని పట్టుకుని కర్త ఎవరు, క్రియ ఎవరిది అని నిలదీస్తే ఏం చెబుతాడండీ?

వ్యాకరణప్రియ: ఎంత కలిసిపోయినా రాసింది తెలుగులోనే కదా మాస్టారూ. ఊగినవి డోలలే.

పాతపాటల పిచ్చి: మీరు తేల్చేలోగా నాకింకో అనుమానం. మల్లి పాడేది బావతో కదా, చెలికత్తెతో కాదు. మరి ‘ఊగెనే’లో ఆ ‘ఏ’ ఎవరికి?

వ్యాకరణప్రియ: ఎవరికీ కాదు, అవధారణ, నొక్కి చెప్పడం.

గ్రామఫోను: కాదు, ఆశ్చర్యం.