ఒకే బరువు ఉన్న పచ్చ, పుష్యరాగం సైజులో ఎందుకు తేడా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమ్మకి ఉంగరం కోసం కనక పుష్యరాగం, నాకు పచ్చ తీసుకున్నా, రెండూ 5.25 క్యారెట్లే, ఇంకా బిగించలేదు. పక్కపక్కన పెడితే పచ్చ బాగా పెద్దగా ఉంది, పుష్యరాగం చిన్నగా కనిపిస్తోంది. తూకంలో మోసం జరిగిందా? అమ్మ రెండ్రోజుల నుంచి అదే ఆలోచిస్తోంది, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1: మోసం అని అప్పుడే అనుకోకండి బ్రదర్. క్యారెట్ అంటే బరువే, 0.2 గ్రాములు, సైజు కాదు. పుష్యరాగం, కెంపు, నీలం మూడూ ఒకే ఖనిజం, సాంద్రత 4 దాకా ఉంటుంది, పచ్చది 2.7 చిల్లర, అందుకే అదే బరువుకి పచ్చ ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఘనపరిమాణంలో దాదాపు ఒకటిన్నర రెట్లు, కానీ పొడవు వెడల్పుల్లో చూస్తే 14 శాతం దాకానే పెద్దది.

రిప్లై 2: పైవారు చెప్పింది కరెక్టే, దానికి తోడు కటింగ్ కూడా చూడాలండి. రాయిని పక్కకి తిప్పి చూడండి, కింద బొజ్జ ఎక్కువుంటే బరువంతా అక్కడే దాక్కుంటుంది, ఉంగరంలో పెట్టాక పైకి కనపడదు, కానీ డబ్బులు మాత్రం దానికీ కట్టాం కదా. ఇంకోటి, బరువు డబుల్ అయితే సైజు డబుల్ అవ్వదు. గుండ్రటి వజ్రం ఒక క్యారెట్‌ది 6.5 మిల్లీమీటర్లుంటే రెండు క్యారెట్లది 8.2 దగ్గర ఉంటుంది అంతే.

రిప్లై 3: ఇంట్లోనే చూస్కోవచ్చు. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని సన్న దారంతో కట్టి నీళ్లలో మునిగేలా వేలాడదీయండి, అడుగుకి అంచుకి తగలకూడదు. అప్పుడు కాటా చూపించే అంకెతో రాయి బరువుని భాగిస్తే సాంద్రత వస్తుంది. మీది 1.05 గ్రాములు కాబట్టి కాటా మీద పుష్యరాగానికి 0.26, పచ్చకి 0.39 దగ్గర రావాలి. పుష్యరాగం పేరుతో టోపాజ్ ఇచ్చుంటే 0.30, సిట్రిన్ అయితే 0.40 వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ల్యాబ్‌లో చేసిన పుష్యరాగానికీ సాంద్రత అదే, కాబట్టి సహజమో కాదో దీంతో తేలదు, దానికి సర్టిఫికెట్ కావాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: చూశానన్నా. మొదట 0.31 వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే రాయికీ ముడికీ గాలి బుడగలు అంటుకుని ఉన్నాయి, నీళ్లలోనే మెల్లగా కదిపి వదిలించాక 0.26 దగ్గర నిలిచింది. అమ్మని పిలిచి కాటా చూపించా. సర్టిఫికెట్ కోసం రేపు ల్యాబ్‌కి ఇస్తున్నా, ఆ తర్వాతే బిగించమని చెప్తా.