ముప్పై దాటాక ఆటిజం నిర్ధారణ కోసం వెళ్లాలా, వద్దా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

నా వయసు 34. రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో లెక్కలు చూస్తాను. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఒక పాప. ఇన్నేళ్లూ గోడవైపు తిరిగి ఉన్న బల్ల దగ్గర పని చేశాను. పోయిన వేసవిలో గదులు తీసేసి అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. తలమీద ట్యూబులైటు, పక్కన ప్రింటరు, వెనక నలుగురు చెరువుల రైతులతో ఫోన్లలో మాట్లాడుతూ ఉంటారు. పదేళ్లుగా తప్పు దొర్లని నా లెక్కల్లో మొదటి నెలలోనే మూడు తప్పులు వచ్చాయి. సాయంత్రం ఇంటికి చేరాక పాప పిలిచినా నోట మాట వచ్చేది కాదు. చీకటి గదిలో గంటసేపు పడుకుంటే గానీ మామూలు మనిషిని కాలేకపోయాను.

ఇది కొత్తగా వచ్చింది కాదు. రొట్టెల పండగకు బంధువులు దిగితే చిన్నప్పుడు మేడమీద గదిలో దాక్కునేదాన్ని. అమ్మ అందరికీ "దానికి తలనొప్పి" అని చెప్పేది. మాటల మధ్య ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు ఎదుటివారి కళ్లలోకి చూడాలో మా పిన్నిని చూసి నేర్చుకున్నాను. ఇప్పటికీ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంటాను.

పెద్దవాళ్లలో ఆటిజం (చిన్నతనం నుంచే మెదడు పనిచేసే తీరు, మనుషులతో కలిసే తీరు వేరుగా ఉండడం) గురించి చదివి, 50 ప్రశ్నల పట్టిక ఒకటి నింపి, ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. "పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నారు, నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు. మీకు ఆటిజం ఏమిటి?" అని నిద్రమాత్రలు రాసిచ్చారు. మావారు కూడా "ఇప్పుడు పేరు తెలుసుకుని ఏం చేస్తావు?" అన్నారు. ఆయనది కోపం కాదు, భయం. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీరు చెప్పండి.

సింగరాయకొండ మాస్టారు

అమ్మా, నీ బాధను తక్కువ చేయను. కానీ వద్దంటాను. 31 ఏళ్లు పిల్లలకు చదువు చెప్పాను. ప్రతి ఊళ్లోనూ నీలాంటివాళ్లను చూశాను. మా ఊరి పొగాకు షెడ్డులో ఒకాయన ఉండేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు, ఒకే చోట కూర్చునేవాడు, భోజనం కూడా ఒంటరిగానే. ఆకు చేతిలోకి తీసుకుంటే ఏ గ్రేడో చెప్పేవాడు, బోర్డువాళ్లు వచ్చి చూసినా అదే గ్రేడు తేలేది. ఆయనను ఎవరూ ఆసుపత్రికి పంపలేదు. "ఆయన తీరు అంతే" అనుకుని ఆ మూల ఆయనకు వదిలేశారు. గోడవైపు బల్ల తిరిగి ఇమ్మని అడగడానికి వైద్యుడి కాగితం దేనికి? కాగితం ఒకసారి ఫైల్లోకి చేరితే, రేపు నువ్వు చేసే ప్రతి పొరపాటుకూ దాన్నే చూపిస్తారు.

ఒంగోలు తల్లి

నా కొడుక్కి 11 ఏళ్లు. మాటలు లేవు. రాత్రి మూడింటికి లేచి తల గోడకు కొట్టుకుంటే చేతులు అడ్డం పెట్టి కూర్చుంటాను. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో తేదీ దొరకడానికి నెలల తరబడి తిరిగాను. ఎండలో, వరుసలో, వాడు అరుస్తుంటే, అందరూ మమ్మల్నే చూస్తుంటే.

కోపంతో రాస్తున్నాను, మన్నించండి. ఉద్యోగం, పెళ్లి, పాప ఉన్న మీకూ, తన పేరు చెప్పలేని నా బిడ్డకూ ఒకే మాట ఎలా సరిపోతుంది? ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు ఇచ్చే 4 శాతంలో ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నింటికీ కలిపి 1 శాతం. ఆ ఒక్క శాతంలోకి చదువుకున్నవాళ్లు, మాట్లాడగలిగేవాళ్లు వచ్చి నిలబడితే మావాళ్లకు మిగిలేదేమిటి?

కావలి అన్న

మా చెల్లెలికి 27. ఆమెదీ ఇదే తీరు. నేను తీసుకువెళ్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. "సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికి పొక్కితే ఎవరు వస్తారు?" అంటోంది. దాచి పెళ్లి చేస్తే ఆ ఇంట్లో ఆ పిల్ల ఏమైపోతుందో అమ్మకు కనిపించడం లేదు. పదిమంది ఉన్న కాపురంలో, పండగ రోజున, అలసిపోయి గదిలో తలుపు వేసుకుంటే "పొగరు" అంటారు. దానికంటే పేరు తెలియడమే నయం కదా.

ప్రత్యేక విద్య, నెల్లూరు

పిల్లలతో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఇక్కడ రెండు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి. నిర్ధారణ వేరు, ధ్రువపత్రం వేరు.

నిర్ధారణ అంటే మీ బాల్యం నుంచి ఇప్పటివరకు జరిగింది విని, చూసి, మానసిక వైద్యులో క్లినికల్ సైకాలజిస్టో ఇచ్చే అభిప్రాయం. అది మీ దగ్గరే ఉంటుంది. ఆఫీసుకు చూపించాలని ఎక్కడా లేదు. ధ్రువపత్రం అంటే ప్రభుత్వ వైద్యబృందం ఎంత శాతం వైకల్యమో రాసి ఇచ్చేది. 40 శాతం, ఆపైన ఉంటే రిజర్వేషన్లు, పింఛను వంటివి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఆ పింఛను 6,000 రూపాయలు. ఒంగోలు అక్కా, మీ భయం ఆ రెండో దాని గురించి. ఆమె అడుగుతున్నది మొదటిది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం వైకల్యాలను 21కి పెంచినప్పుడు అది చేరింది. అంటే ఈరోజు 34 ఏళ్లున్న మనిషి బడిలో చదువుకున్న కాలమంతా ఆ చట్టం కంటికి ఆ పదం కనబడలేదు. పెద్దయ్యాక వచ్చారేమిటని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ వైద్యుడి మాట. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 (2013) ప్రకారం లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలి. కానీ మనిషి మీద పడే భారం అతని శక్తిని మించినప్పుడే అవి పూర్తిగా బయటపడవచ్చని, నేర్చుకున్న పద్ధతులతో కప్పిపోయి ఉండవచ్చని కూడా అందులోనే ఉంది. గది మారేదాకా నిలబడి, మారాక కూలిపోవడం సరిగ్గా అటువంటిదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం), బాల్యంలో తగిలిన దెబ్బలు ఇలాగే కనిపిస్తాయి. 50 ప్రశ్నల పట్టిక వడపోతకే, తీర్పు చెప్పడానికి కాదు.

మన దేశంలో ధ్రువపత్రాలకు వాడుతూ వచ్చిన ఐశా అనే ఆటిజం కొలమానంలో 40 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70 వస్తే ఆటిజం కింద లెక్క. చూపు కలపడం, నవ్వుకు నవ్వడం, మాటను తిరిగి అనడం వంటివి గమనించి మార్కులు వేస్తారు. నవ్వును కూడా సాధన చేసి నేర్చుకున్న మనిషికి అక్కడ తక్కువ మార్కులు పడే అవకాశం ఉంది. తక్కువ వచ్చినంత మాత్రాన లోపల పడే శ్రమ అబద్ధం కాదు.

నెల్లూరులోనే వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ ఉంది, సికింద్రాబాదులోని మేధోవైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఆధ్వర్యంలో. ముందుగా ఫోను చేసి "పెద్దవాళ్లను చూస్తారా?" అని అడగండి. వెళ్లేటప్పుడు, మీకు అయిదేళ్లు నిండకముందు మిమ్మల్ని దగ్గరగా చూసిన మనిషిని వెంట తీసుకువెళ్లండి. పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే బంగారం అనుకోండి.

చీమకుర్తి రాయి

వయసు 41. గ్రానైటు యార్డులో కొలతలు రాస్తాను. రెండేళ్ల కిందట చెన్నైలో నిర్ధారణ అయింది. పినాకిని రైల్లో మూడుసార్లు వెళ్లి వచ్చాను. ఖర్చు అన్నీ కలిపి 20,000 దాటింది. అందరికీ సాధ్యం కాదని తెలుసు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ కాగితం తర్వాత ఏ సాయమూ రాలేదు. "మీకు ఆటిజం ఉంది" అన్నారు, బయట వరండాలోకి వచ్చాను, అంతే. ఒంగోలులో అడిగితే అన్నీ పిల్లల చికిత్స కేంద్రాలే. చిన్న చిన్న కుర్చీలు, గోడల మీద బొమ్మలు. అక్కడ నిలబడి ఏడుపు వచ్చింది.

అయినా మళ్లీ అడిగితే వెళ్తాననే అంటాను. నలభై ఏళ్లు నేను చెడ్డవాణ్ణనుకున్నాను. మా నాన్న పోయిన రోజు ఇంటినిండా జనం ఉంటే పెరట్లోకి వెళ్లి ఇటుకలు లెక్కపెడుతూ కూర్చున్నాను. "తండ్రి పోయినా కంట నీరు రాలేదు" అని మా మేనత్త పదేళ్లు చెప్పుకుంది. నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను. దుఃఖం లేక కాదు, అంత మంది మధ్య అది బయటికి రాలేకపోయింది.

ఇంట్లో మారినవి చిన్నవి. నా భార్య రేపటి పనులు రాత్రే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటిస్తుంది. పెళ్లిళ్లకు వెళ్తే భోజనం చేసి గంటలో వచ్చేస్తాం, ముందే చెప్పి వెళ్తాం. యార్డులో చెవులకు దూది పెట్టుకుంటాను, కొలతలు వాట్సాప్‌లో పంపమంటాను. యజమానికి మాత్రం ఆటిజం అని చెప్పలేదు, "శబ్దం పడదు" అని చెప్పాను. అక్కడ మాస్టారి మాటే పాటించాను.

ఒంగోలు తల్లి

చీమకుర్తి అన్నా, ఆ చిన్న కుర్చీల మాట దగ్గర ఆగిపోయాను. మా వాడికి ఏడేళ్లలో 18 వస్తాయి. అప్పుడు వాణ్ణీ ఆ కుర్చీల్లోనే కూర్చోబెడతారా? ఇన్నాళ్లూ ఈరోజు గడిస్తే చాలనుకున్నాను.

ఒక్క శాతం గురించి నా మాట మార్చుకోను. కానీ పెద్దవాళ్లకు ఒక చోటంటూ ఉండాలని మీరు అడిగితే, అది మా వాడి కోసం కూడా అడిగినట్టే.

కావలి అన్న

40 శాతం రాకపోతే చట్టం ఏమీ ఇవ్వదా?

ప్రత్యేక విద్య, నెల్లూరు

పింఛను, రిజర్వేషను రావు. కానీ 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే జబ్బు వల్ల రాయలేని ఒక అభ్యర్థి, పరీక్షలో తన బదులు రాసే లేఖకుణ్ణి అడిగితే, 40 శాతం లేదన్న కారణంతో కాదనకూడదని, తగిన సౌలభ్యం వైకల్యం ఉన్న ప్రతివారి హక్కని చెప్పింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని చట్టంలోని 21వ సెక్షను. మన జిల్లాల్లో ఎంతమంది యజమానులు ఆ సెక్షను చదివారంటే, నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు. అయినా అడిగేటప్పుడు "దయచేసి" అనడానికీ, "చట్టం ప్రకారం" అనడానికీ గొంతులో తేడా ఉంటుంది.

సింగరాయకొండ మాస్టారు

రాత్రి నిద్ర పట్టలేదు. పొగాకు షెడ్డు మనిషి గురించి రాశాను కానీ, మా తరగతిలో ఒక పిల్లవాడి గురించి రాయలేదు. 1990ల సంగతి. నేను మాట్లాడుతుంటే నా ముఖం చూసేవాడు కాదు, కిటికీ చువ్వలు చూసేవాడు. అడిగితే జవాబు సరిగ్గా చెప్పేవాడు. అది నాకు తలబిరుసు అనిపించింది. ముందు బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని నా వైపు తిప్పేవాణ్ణి. రోజూ. ఆరో తరగతికి వాడు బడి మానేశాడు. ఆ మానడానికి కారణం పేదరికమని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆఫీసుకు కాగితం ఇవ్వవద్దనే ఇప్పటికీ అంటాను. ఆసుపత్రికి వెళ్లవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అమ్మా.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

మాస్టారూ, మీరు ఇది రాసినందుకు మీకు నమస్కారం.

నిన్న అమ్మను అడిగాను. మొదట "నీకేం, బంగారంలా ఉన్నావు" అంది. తర్వాత చాలాసేపు ఊరుకుంది. నాకు మూడేళ్లప్పుడు మూడు నెలలు పెరుగన్నం తప్ప వేరే ముద్ద దిగేది కాదట, అదీ ఒకే గిన్నెలో. గిన్నె సొట్ట పోతే పారేసి, అచ్చం అలాంటిదే వెతకడానికి నాన్న నాలుగు కొట్లు తిరిగాడట. "తలనొప్పి అని చెప్పడం తప్పా?" అని అడిగింది. తప్పు కాదన్నాను. నన్ను కాపాడడానికి అమ్మకు తెలిసిన మాట అదొక్కటే.

ధ్రువపత్రం కోసం వెళ్లడం లేదు. నిర్ధారణ కోసం వెళ్తున్నాను. ఆటిజం కాదని తేలినా సరే, మేడమీద గదిలో ఆ పిల్ల ఎందుకు దాక్కునేదో నాకు తెలియాలి. మా పాప కూడా చప్పుడుకు చెవులు మూసుకుంటోంది. దానికి "తలనొప్పి" అని చెప్పలేను.

మావారు సెలవు పెట్టారు. అమ్మ కూడా వస్తానంది. ట్రంకు పెట్టెలో నా మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు దొరికింది. లెక్కల్లో 98. కింద టీచరు చేతిరాత: "తెలివైనది. పిలిస్తే పలకదు."

ప్రత్యేక విద్య, నెల్లూరు

ఆ కార్డు అసలుదే తీసుకువెళ్లండి. నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.