చింక్వె తెర్రె ఐదూళ్ళూ ఒక్కరోజులో నడవగలమా?

రాజోలు కుర్రోడు: సెప్టెంబర్‌లో అమ్మా నేనూ మిలాన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నామండి. ఇటలీలోనే సముద్రం ఒడ్డున చింక్వె తెర్రె అని కొండల మీద ఐదూళ్ళు ఉన్నాయంట, ఊరి నుంచి ఊరికి నడక దారి ఉందంటగా, ఐదూళ్ళూ ఒక్కరోజులో అయిపోతాయా? అమ్మ రోజూ కాలవ గట్టు మీద బాగానే నడుస్తుంది, కాకపోతే మన కోనసీమలో కొండెక్కడం ఎక్కడుంది చెప్పండి, ఏటిగట్టు ఎక్కితే అదే ఎక్కడం.

ఆకివీడు అబ్బాయి: ఐదూ పెట్టుకోకండి బాబూ. మోంతెరోస్సో నుంచి వెర్నాజ్జా మూడున్నర కిలోమీటర్లే గానీ రెండు గంటలు పట్టుద్ది, మొదట్లోనే మెట్లు మెట్లు మెట్లు, తర్వాత ద్రాక్ష తోటల రాతి గోడల పక్కన ఒక్క మనిషి పట్టేంత దారి, ఎదురెవరైనా వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. వెర్నాజ్జా దగ్గర పడ్డాక పైనుంచి చిన్న రేవూ చర్చీ కనపడతాయి చూడండి, అక్కడ మాత్రం కాసేపు ఆగండి. ఆ తర్వాత రైలే, ఊరికీ ఊరికీ నాలుగైదు నిమిషాలు.

లంక పిల్ల: ఆ ఐదింట్లో మధ్యూరు కొర్నీల్యా, దాని స్టేషన్ కిందుంటుంది, ఊరు పైన, దాదాపు 380 మెట్లు. అమ్మగారిని చిన్న బస్సు ఎక్కించండి. అక్కణ్ణించి పక్కూరు మనరోలాకి కింది దారి కొండచరియలు పడి ఏళ్ళ తరబడి మూతే. అమ్మగారికి సరిపోయేది మనరోలాకీ రియోమజ్జోరేకీ మధ్య ఉన్న వయా దెల్లామోరే అనే నడక దారి, 2012లో రాళ్ళు పడి మూసేస్తే 2024లో తెరిచారు, కిలోమీటర్ లోపే, చదును. టికెట్ ముందే టైముతో సహా బుక్ చేస్కోండి. హవాయి చెప్పులతో మాత్రం కొండదారి ఎక్కకండి, జరిమానా వేస్తారు.

రాజోలు కుర్రోడు: ఆయ్, మా అమ్మకి బూట్లు తొడిగించడమే పెద్ద పనండి 😅 పులిహోర పట్టుకెళ్ళొచ్చా?

ఆకివీడు అబ్బాయి: పట్టుకెళ్ళండి, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి.