ఉషశ్రీ గారి గొంతున్న పాత క్యాసెట్లను ఎలా కాపాడుకోవాలి?

విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారి ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం విన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. ఆయన 1990లో పోయారు. మా నాన్నగారు ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా పక్కనపెట్టి, టూ ఇన్ వన్‌లో (రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన సెట్టు) రికార్డు చేసిన క్యాసెట్లు నాలుగు ఈమధ్య అటక మీద దొరికాయి. ఒకదాని మీద నాన్న చేతిరాతతో “భారతం, వాన” అని ఉంది. నిజంగానే, రామాయణ భారతాల మీద శ్రోతలు రాసిన ప్రశ్నలకు ఆయన జవాబులు చెబుతుంటే, వెనక మా పెంకుల మీద వాన చప్పుడు, అమ్మ పోపు వేసిన చుయ్‌మనే శబ్దం!

ఒక క్యాసెట్ షాపులో ఇస్తే టేపు నలిపేసి ఇచ్చారు. ఇంకెవరికీ ఇవ్వాలంటే భయంగా ఉంది. మిగతా మూడింటిలో ఒకదానికి టేపు అంచున తెల్లగా బూజు పట్టింది, ఇంకోదానికి లోపలి స్పాంజి ముక్క ఊడిపోయింది. బూజు తుడవకుండా ప్లేయర్‌లో పెడితే హెడ్ (టేపును చదివే భాగం) పాడవుతుందా? స్పాంజి కోసం టేపును వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చడం ఇంట్లో చేయగలిగే పనేనా? కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు వేస్తే సరిపోతుందా?

అలాగే, మీ ఇళ్లలో ఎవరైనా ఇలా రికార్డు చేసి పెట్టుకున్నారా?