పాఖాల చెరువు చుట్టూ సైకిల్ మీద ఒక రౌండ్ కొట్టొచ్చా? వరంగల్ వాళ్లు చెప్పండి

అల్లుడు_హైదరాబాద్:

అందరికీ నమస్తే. సంక్రాంతికి అత్తగారింటికి హనుమకొండ వస్తున్నా. పోయినేడు నాలుగు రోజులు సకినాలు తినడం, పడుకోవడం తప్ప ఇంకేం చేయలేదు, తిరిగొచ్చాక గండిపేట రైడ్‌లో చిన్న ఎక్కుడుకే ఆయాసం వచ్చింది. అందుకే ఈసారి సైకిల్‌ని కారు వెనక తగిలించుకుని తెస్తున్నా.

బండి రోడ్ బైక్, టైర్లు 25 మిల్లీమీటర్లవి. ఆదివారాలు అరవై, డెబ్బై కిలోమీటర్లు చేస్తుంటా, వంద దాటింది ఇప్పటికి రెండుసార్లే. పాఖాల ఫొటోలు చూసినప్పటి నుంచి మనసంతా అటే ఉంది. చెరువు చుట్టూ ఒక రౌండ్ కొట్టి రావాలని ఆశ, కానీ మ్యాప్‌లో ఎంత జూమ్ చేసినా అటు పక్కంతా పచ్చ రంగు తప్ప దారి కనిపించట్లేదు. నిజంగానే లేదా, మ్యాప్‌కి తెలియదా? లేకపోతే పాఖాల వదిలేసి రామప్ప, లక్నవరం వైపు పోవడం మేలా?

ఇంకో షరతు, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. ఇది నా షరతు కాదు.

కాజీపేట_పెడల్:

పాఖాలకే పో అన్నా, రెండో ఆలోచన వద్దు. హనుమకొండ నుంచి నర్సంపేట నలభై అటూ ఇటూ, అక్కణ్నుంచి చెరువు ఇంకో పన్నెండు. రానుపోను 105 వేసుకో. పెద్ద ఎక్కుళ్లేం లేవు, కానీ పూర్తి చదునూ కాదు, కాస్త లేచి కాస్త దిగే రోడ్డు, ఎదురుగాలి లేకపోతే హాయిగా పోతావు.

ఐదింటికల్లా బయటపడు. జనవరిలో మనకు పొద్దు పొడిచేది ఆరూ నలభై ఐదు ప్రాంతంలో, కాబట్టి మొదటి గంటన్నర చీకటే. ముందు వెనక లైట్లు తప్పనిసరి, మంచు పట్టిందంటే వెనకాల ఎర్ర లైటు ఒకటి చాలదు, రెండు పెట్టుకో. వరంగల్ ఊరు దాటడమే పెద్ద పని. మిర్చి వచ్చే రోజుల్లో ఎనుమాముల మార్కెట్ వైపు బస్తాల బండ్లు తెల్లారకముందే బారులు కడతాయి, పండగ సెలవు అయితే పరవాలేదు. గిర్నిబావిలో ఒక చాయ్, నర్సంపేటలో టిఫిను, నీళ్లు. నర్సంపేట దాటాక ఏదైనా దొరుకుతుందిలే అనుకోవద్దు.

ఖానాపురం మండలంలోకి వచ్చి అశోక్‌నగర్ దాటాక చూడు అన్నా, చలి ఒక్కసారిగా పెరుగుతుంది, రెండు పక్కలా చెట్లు దగ్గరికొస్తాయి, అప్పటిదాకా లారీల హారన్ల మధ్య వినపడని చైన్ చప్పుడు వినపడుతుంది. నేను సైకిల్ తొక్కేది ఆ కాసేపటి కోసమే అనిపిస్తుంది. అదే రోడ్డు అడవిలోంచి గుంజేడు మీదుగా కొత్తగూడ పోతుంది (భద్రాద్రి జిల్లా కొత్తగూడెం కాదు, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ), కాళ్లలో బలం ఉంటే చెరువు దాటి ఇంకో ఐదారు కిలోమీటర్లు పోయి తిరిగి రా. నీకున్న భోజనం షరతుకైతే వద్దు.

ఒక్క జాగ్రత్త, కోతులు. మొన్న కట్ట దగ్గర సైకిల్ ఆనించి గ్లోవ్స్ తీస్తున్నా, వెనక జేబులోంచి ఎవరో అరటిపండు మెల్లగా లాగుతున్నట్టనిపించింది. మావాడే అనుకుని ‘ఆగురా’ అన్నా. తిరిగి చూస్తే కోతి. పండు అక్కడే కూర్చుని వలుచుకు తిని, తొక్క నా సీటు మీద పెట్టి పోయింది.

వచ్చేటప్పుడు అదే దారి బోర్ అనుకుంటే నర్సంపేట నుంచి నల్లబెల్లి, మల్లంపల్లి మీదుగా ములుగు రోడ్డెక్కి హనుమకొండ రావచ్చు, ఇరవై పాతిక కిలోమీటర్లు ఎక్కువవుతుంది గానీ గుండ్రంగా తిరిగినట్టుంటుంది.

తూము_కాడ:

మా ఊరు పాఖాల ఆయకట్టు కిందే కాబట్టి రౌండు సంగతి నేను చెప్తా. మ్యాప్‌కి తెలియక కాదు తమ్ముడూ, దారే లేదు. ఉండదు కూడా.

మన కాకతీయుల చెరువులు గుంత తవ్వి నింపినవి కావు. వాగు రెండు గుట్టల మధ్య ఇరుకైన చోట నుంచి పారుతుంటే, సరిగ్గా అక్కడ చూసి కట్ట పోశారు. అంటే మనుషులు కట్టింది ఒక్క పక్కే, మిగతా పక్కలన్నీ గుట్టలు, అడవి. నీళ్లు వెనక్కి తన్ని ఆ అడవిలోకి పోయి ఆగుతాయి. పైగా ఆ అంచు ఒక చోట ఉండదు, మంచి వానలు పడ్డ ఏడు చెట్ల మొదళ్ల దాకా వస్తుంది, ఎండాకాలం శిఖం (చెరువు లోపలి నేల) బయటపడి ఎక్కడికో జరిగిపోతుంది. దానికి రోడ్డు ఎక్కడ వేస్తారు? చెరువు కూడా చిన్నది కాదు, దాదాపు 30 చదరపు కిలోమీటర్లంటారు. 1213లో గణపతిదేవుడి కాలంలో కట్టించింది, రామప్ప గుడి శాసనం కూడా ఆ ఏడుదే. లక్నవరం, రామప్ప చెరువులదీ ఇదే పద్ధతి, అక్కడికి పోయినా నీకు రౌండు దొరకదు.

అందుకని చుట్టూ తిరగాలన్న ఆశ వదిలెయ్. కట్ట ఎక్కి నిలబడు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు, పొలాలు నీళ్లకంటే ఎంత దిగువన ఉన్నాయో చూస్తేనే ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్లు ఏం లెక్క వేశారో అర్థమవుతుంది. ఇంకా తిరగాలనిపిస్తే కట్టకు ఇవతల, తూముల కింద కాలువలు పారే వైపు ఊళ్ల రోడ్లున్నాయి, వాటి మీద తిరుగు. పొద్దున పూట ఆ రోడ్లకు మించినవి లేవని నా అభిప్రాయం, మా ఊరు కాబట్టి అంటున్నాననుకున్నా సరే.

అయితే నువ్వొచ్చేది నాట్ల టైమ్. వడ్లు ఆరబోసే గొడవ అప్పటికి ఉండదు, అది నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ యాసంగి (రబీ) కోతలప్పుడు (అప్పుడు రోడ్డులో సగం వడ్లే, కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు, మోటార్ సైకిళ్లే పడిపోతుంటాయి). జనవరిలో తిప్పలు వేరే. దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్‌తో అలాగే రోడ్డెక్కుతాయి. వాటి నుంచి రాలిన నల్లమట్టి మంచుకు తడిసి సబ్బులాగా ఉంటుంది. మలుపులో ఆ ముద్ద కనిపిస్తే బ్రేక్ పట్టొద్దు, ముందే స్పీడు తగ్గించి హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటెయ్. 25 టైర్లకు కాలువ గట్ల జోలికి అసలు పోవద్దు.

రెండు_బాటిళ్లు:

మల్లంపల్లి మీదుగా తిరిగి రమ్మన్న కాజీపేట అన్నతో నేను ఒప్పుకోను. నేను రామప్పకు మూడుసార్లు పోయాను, ఒకసారి ఒక్కదాన్నే. మల్లంపల్లి నుంచి హనుమకొండ దాకా ఉన్నది 163 జాతీయ రహదారి, గోదావరి ఇసుక లారీలన్నీ దాని మీదే. నిండు లారీ పక్కనుంచి పోతే ముందు గాలి నెడుతుంది, దాటగానే లోపలికి లాగుతుంది, అలవాటు లేనివాళ్లకు ఆ లాగుడుతోనే టెన్షన్ వస్తుంది. ఎనభై తొంభై కిలోమీటర్లు తొక్కి అలిసిపోయాక చివరి నలభై ఆ రోడ్డు మీద ఎందుకండీ? పోయిన దారినే రండి, బోర్ కొడితే కొట్టనీయండి.

రామప్ప అయితే హనుమకొండ నుంచి ఒక వైపే డెబ్బై దాకా, ఆత్మకూరు, ములుగు మీదుగా జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి. రానుపోను 140, మీ మధ్యాహ్న భోజనం రాత్రి భోజనం అవుతుంది. వానాకాలంలో అయితే మధ్యలో కటాక్షపూర్ చెరువు మత్తడి (అలుగు) దుంకి నీళ్లు హైవే మీదికే వస్తాయి, అప్పుడు అటు పోనే పోవద్దు. మేడారం జాతర ఉన్న ఏడు కూడా అంతే, జాతర రోజులే కాదు, ముందు రెండు మూడు వారాల నుంచే ఆ రోడ్డంతా బండ్లు.

నా సలహా ఏంటంటే, పాఖాల మీరొక్కరే సైకిల్ మీద చేసేయండి. రామప్పకు ఇంకో రోజు ఇంట్లోవాళ్లతో కారులో రండి, సైకిల్ ములుగులో దింపుకోండి. ములుగు నుంచి రామప్ప, తిరిగి హైవే ఎక్కి చల్వాయి దగ్గర లోపలికి లక్నవరం, మళ్లీ ములుగు, అంతా డెబ్బై ఎనభై వస్తుంది. జంగాలపల్లి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట దాకా ఉన్న ఆ లోపలి రోడ్డు మాత్రం హైవే మీద పడ్డ కష్టమంతా మరిపిస్తుంది. ఇంట్లోవాళ్లు గుడి చూస్తారు, లక్నవరంలో వేలాడే వంతెన మీద ఫొటోలు దిగుతారు, మీరు ఎక్కడున్నారని ఎవరూ అడగరు.

పాఖాల వైపు వచ్చే ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాష్‌రూమ్‌తో సహా అన్ని పనులూ నర్సంపేటలోనే చూసుకోండి. ట్యూబులు రెండు పెట్టుకోండి, తుమ్మ ముల్లు ఒకదానితో ఆగదు.

అల్లుడు_హైదరాబాద్:

పోయొచ్చా! కనుమ రోజు పొద్దున, లెక్క చూస్తే 107 కిలోమీటర్లు. గిర్నిబావి దాకా మంచు ఎంతలా ఉందంటే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నా, పెట్టుకుంటే ఏమీ కనపడదు, తీస్తే కళ్లలో నీళ్లు.

రెండు ట్యూబుల సలహా ఇచ్చినావిడకు దండం. నర్సంపేట దాటిన మూడో కిలోమీటర్‌లో వెనక టైరు పోయింది. కూర్చుని ట్యూబు మారుస్తుంటే ఎక్సెల్ మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి, అడక్కుండానే చక్రం పట్టుకున్నాడు. టైరు లోపల వేలు పెట్టి తడిమి ముల్లు కూడా ఆయనే తీశాడు, నేను దాన్ని చూడకుండా కొత్త ట్యూబు ఎక్కించేవాణ్ని. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది, ‘ఎంత వడ్డది సైకిలు?’ భయపడి ఇరవై వేలు అన్నా. నిజం ధరలో అది పావు వంతు కూడా కాదు. ఆయన కాసేపు సైకిల్ వంకా నా వంకా చూసి, ‘గన్ని పైసలు వెట్టి తొక్కుడేంది బిడ్డా, ఇంకొన్ని కలిపితే నా అసోంటి బండొస్తుండె’ అన్నాడు.

మట్టి ముద్దలు చెప్పినట్టే ఉన్నాయి, ఒక చోట వెనక చక్రం జారి గుండె జారినంత పనైంది, పడలేదు. కోతులకు ఏమీ దొరకలేదు, ఒకటి మాత్రం నా వాటర్ బాటిల్ మూత కొరికి చూసింది. మల్లంపల్లి వైపు పోలేదు. ఇంటికి చేరేసరికి రెండు పది. అత్తమ్మ ఏమీ అనలేదు, అన్నం పెట్టి, అది అయ్యాక సకినాల డబ్బా నా ముందు పెట్టి మూత తీసింది.

తూము_కాడ:

అవన్నీ సరే, నీళ్లు ఎంతవరకు ఉన్నయో చెప్పు. పండక్కి ఊరికి పోలేకపోయిన.

అల్లుడు_హైదరాబాద్:

అటు అంచు కట్ట మీద నుంచి సరిగ్గా కనపడలేదన్నా, మంచు ఇంకా విడవలేదు. కానీ ఎడమ పక్క గుట్ట కింద నాలుగైదు చెట్లు నీళ్లలోనే నిలబడి ఉన్నాయి. ఒకదాని మొదలు పూర్తిగా మునిగింది, కొమ్మ మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.