ఎంజైమును పూసకు "స్థిరీకరించాలా", "పట్టించాలా"?

ప్రశ్న: నమస్కారం అండీ. తార్నాకలో పరిశోధన చేస్తున్నాను. ఇంటర్ పిల్లలకు మా పని గురించి తెలుగులో చెప్పాలి. కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమును, నీటికి తడవని హైడ్రోఫోబిక్ పాలిమర్ పూసల మీద ఇమ్మొబిలైజ్ చేస్తాం, అంటే కొట్టుకుపోకుండా నిలిపి ఉంచుతాం. దీన్ని స్థిరీకరణ అనాలా, నిశ్చలీకరణ అనాలా?

జవాబు: రెండూ వద్దంటానమ్మా. జీడిమెట్లలో చాలాకాలం ఈ పనే చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

చెడిపోకుండా నిలబెట్టడాన్నీ మనం స్థిరీకరణ అనే అంటాం. కానీ పూస మీదికి చేరిన ఎంజైము ఎక్కువకాలం నిలవొచ్చు, ఆకారం చెడి తొందరగా పాడవనూవచ్చు. అప్పుడు "స్థిరీకరించిన ఎంజైము స్థిరత్వం తగ్గింది" అని రాయాల్సి వస్తుంది. చదివే పిల్లలకు ఏం అర్థమవుతుంది?

నిశ్చలీకరణతో ఇంకో చిక్కు. చాలా లైపేజ్‌లలో పనిచేసే చోటు మీద చిన్న మూత ఉంటుంది. కొవ్వు నీటిలో కరిగి ఉన్నంతసేపు ఈ ఎంజైము మందకొడిగా ఉంటుందనీ, బొట్లుగా విడిపోయి ఉపరితలం ఏర్పడగానే పుంజుకుంటుందనీ సార్దా, డెన్యువెల్ అనే శాస్త్రవేత్తలు 1958లో చూపించారు. మూత సంగతి 1990లో స్ఫటిక నిర్మాణాలతో బయటపడింది. పాలిప్రొపిలీన్ లాంటి పాలిమర్ ఆ నూనెబొట్టు స్థానంలో నిలబడుతుంది. మూత తెరుచుకుంటుంది, లోపలి జిడ్డువైపు పాలిమర్‌కు అతుక్కుంటుంది. ఉప్పు తక్కువగా ఉన్న నీటిలోనే లైపేజ్ ఇలా చేరిపోతుంది. మిగతా ప్రొటీన్లలో చాలావాటికి ఉప్పు బాగా దట్టించాలి. మూత తెరుచుకుని ఉన్నందుకే బాగా పనిచేసే ఎంజైమును "నిశ్చలం" అంటే నా మనసొప్పదు.

నేను "పట్టించడం" అంటాను. ముక్కలకు మసాలా పట్టిస్తాం కదా, అదే మాట. ఎండు పాలిప్రొపిలీన్ పొడిని తిన్నగా నీళ్లలో వేస్తే తడవదు, పైన తేలుతుంది. ముందు ఇథనాల్‌తో తడిపి, కడిగి, అప్పుడు ఎంజైము ద్రావణంలో వేసి మెల్లగా కలపాలి. కాసేపటికోసారి పైనీటిని తీసి పరీక్షిస్తే అందులో ఎంజైము పని తగ్గుతూ వస్తుంది. అంటే పొడికి పడుతోందన్నమాట. డిటర్జెంట్ తగిలితే వదిలేస్తుంది. పట్టడం, వదలడం: జంట కూడా సిద్ధంగా ఉంది. వదలకుండా ఉండాలంటే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో ఎంజైము అణువులను ఒకదానికొకటి ముడివేస్తారు.

ఇక హైడ్రోఫోబిక్. దయచేసి "జలభీతి" అనకండి, వినేవాళ్లకు రేబీసే గుర్తొస్తుంది. పాలిమర్‌కు భయమేమీ లేదు, నీటి అణువులే ఒకదాన్నొకటి వదిలి దాని దగ్గరికి రావడానికి ఇష్టపడవు. "నీటితో పొసగని పాలిమర్" అంటే చాలు.

మరో సభ్యురాలు: మాస్టారూ, ఉపరితలానికి అంటుకోవడాన్ని చెప్పే "అధిశోషణం" ఇంటర్ రసాయనశాస్త్రంలో ఉంది, పిల్లలకు తెలిసిన మాటే. పైగా ఎంజైమును ఆల్జినేట్ జెల్‌లో బంధించినా ఇమ్మొబిలైజేషనే అంటారు. అక్కడ పట్టించడం ఎలా కుదురుతుంది?

జవాబు: కుదరదండీ, మీరన్నది నిజం. అన్ని పద్ధతులకూ కలిపి ఇమ్మొబిలైజేషన్ అనే ఉంచుదాం. ఉపరితలానికి పట్టించడం, జెల్‌లో బంధించడం, రసాయన బంధంతో కట్టడం అని లోపల విడదీద్దాం. అధిశోషణం పరీక్షలో రాయడానికి బాగుంటుంది, ఒకసారి చెప్పి వదిలేయొచ్చు. 1916లో నెల్సన్, గ్రిఫిన్ బొగ్గుకు పట్టిన ఇన్వర్టేజ్ అనే ఎంజైము కూడా చక్కెరను విడగొడుతుందని చూపించారు. ఈ విద్య మొదలైందే అలా, కాబట్టి పిల్లలకు అక్కణ్ణుంచి చెప్పడం తేలిక.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు అండీ. మొదటి వాక్యం ఇలా రాసుకున్నాను: "నీటితో పొసగని పాలిమర్ పూసలకు లైపేజ్‌ను పట్టిస్తాం, పని అయ్యాక పూసలను వడగట్టి మళ్లీ వాడతాం." సరిపోతుందా?

జవాబు: భేషుగ్గా ఉందమ్మా. "వదిలేవరకు మళ్లీ మళ్లీ వాడతాం" అని చేర్చండి.